తెగువ నుంచి చొరవకు: ధైర్యం, ఆనందం, ఆత్మీయతల పరస్పర సంబంధం

ఉపోద్ఘాతం

ధైర్యం, ఆనందం, ఆత్మీయత అనే మూడింటిని మనం సాధారణంగా వేర్వేరు ప్రకరణాలుగా పరిగణిస్తాం. ధైర్యం వీరుల చరిత్రకు చెందినదని, ఆనందం వేదాంతానికో మనస్తత్త్వశాస్త్రానికో సంబంధించినదని, ఆత్మీయత గృహజీవనానికి పరిమితమైనదని మన అధ్యయనాల్లో ఒక అప్రకటిత విభజన ఉంది. ఈ విభజన వల్ల ఒక ముఖ్యమైన ప్రశ్న మరుగున పడుతున్నది. మనిషి మరొక మనిషిని ఆత్మీయంగా సమీపించడానికి ధైర్యం అవసరమా? అవసరమైతే అది ఏ జాతి ధైర్యం? ఈ ప్రశ్నను అలంకారశాస్త్రం, సంస్కరణోద్యమ చరిత్ర, గురజాడ నాటకం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో తట్టలేదు. కొన్ని ఏండ్ల క్రితం నేను నివసించే అపార్ట్‌మెంటులో ఎదురింటి తలుపు ముందు రెండు రోజుల దినపత్రికలు తీయకుండా పడి ఉన్నాయి. ఆ ఇంట్లో పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఒంటరిగా ఉండేవారు. పత్రికలను నేను చూశాను. ఊరికి వెళ్లి ఉంటారనుకున్నాను. గంట మోగిస్తే ఏమనుకుంటారో, అంత పరిచయం లేదు కదా అని కూడా అనుకున్నాను. మూడవనాటి ఉదయం పాల ప్యాకెట్లు వేసే ఆమె తలుపు బాది, లోపలినుంచి మూలుగు విని, కాపలాదారును పిలిచింది. స్నానాలగదిలో జారిపడి కదలలేని స్థితిలో ఉన్న ఆయనను ఆసుపత్రికి తరలించారు. ఆయన బతికారు. ఆనాడు ఆమె నన్ను అడిగిన మాట ఒక్కటే: "ఎదురిల్లే కదా సారూ, ఒక్కసారి తలుపు కొట్టకపోయారా?"

నన్ను ఆపినది ఏమిటి? ఉదాసీనత అని చెప్పుకోవడం సులువు. కాని నేను ఆ పత్రికలను రెండుసార్లు ఆగి చూశాను. కనుక అది ఉదాసీనత కాదు, భయం. ఆ భయానికి తెలుగులో పేరుంది: మొహమాటం. మొగమాటం అనే రూపాంతరంలో 'మొగం' స్పష్టంగానే కనిపిస్తుంది. ఎదుటివారి ముఖం ముందు కలిగే జంకు అది. కత్తికి, కారాగారానికి భయపడటాన్ని గురించి మన నీతిగ్రంథాలు ఎంతో చెప్పాయి. ముఖానికి భయపడటాన్ని గురించి చెప్పినది తక్కువ. ఆధునిక నగరజీవితంలో మనిషిని మనిషినుంచి వేరుచేస్తున్నది ఎక్కువగా ఈ రెండవ భయమేనని నా అభిప్రాయం.

రెండవ వ్యక్తి: భయానికీ ఆనందానికీ మూలం

భయానికీ ఆనందానికీ గల సంబంధాన్ని బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయంలోని నాలుగవ బ్రాహ్మణం అత్యంత సంక్షిప్తంగా సూచించింది. ఆదిలో ఒంటరిగా ఉన్న పురుషుడు భయపడ్డాడు. తనకంటె వేరైనది ఏదీ లేనప్పుడు తాను దేనికి భయపడాలని ఆలోచించుకోగా అతని భయం తొలగింది. భయం రెండవదాని వల్లనే కలుగుతుంది కదా అని ఉపనిషత్తు అక్కడ హేతువు చెబుతుంది. అంతటితో కథ ముగిసి ఉంటే ఒంటరితనమే నిర్భయత్వమని తేలేది. కాని మరుక్షణంలోనే అదే పురుషునికి సంతోషం కలగలేదని, ఒంటరివానికి రమించడం సాధ్యం కాదని, అందుచేత అతడు రెండవ వ్యక్తిని కోరాడని చెప్పబడింది.

ఈ రెండు వాక్యాల సామీప్యం ఆలోచించదగినది. ఏ రెండవ వ్యక్తి భయానికి కారణమో, ఆ రెండవ వ్యక్తే ఆనందానికీ కారణం. భయాన్ని సమూలంగా తొలగించుకోవాలంటే రెండవ వ్యక్తిని తొలగించుకోవాలి. అప్పుడు ఆనందమూ తొలగిపోతుంది. శంకరాచార్యులు ఈ భయాన్ని, అరతిని ప్రజాపతి స్థితి కూడా సంసారాంతర్గతమేననడానికి నిదర్శనాలుగా గ్రహించారు. మోక్షదృష్టికి అది సమంజసమే. అయితే సంసారంలోనే ఉండి, అందులోనే మంచి జీవితం గడపదలచినవారికి ఈ ఘట్టం మరొక విషయం చెబుతున్నది. రెండవ వ్యక్తి వలని భయం తొలగిన తరువాత ఆనందం వస్తుందని ఎదురుచూడటం వ్యర్థం. ఆ భయం ఉండగానే ఆ వ్యక్తివైపు ఒక అడుగు వేయవలసి ఉంటుంది. ఆ అడుగునే ఈ వ్యాసంలో ధైర్యం అంటున్నాను.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కూడా ఈ సమస్యకు దగ్గరగా వచ్చాడు. నికోమాకియన్ ఎథిక్స్‌గా ప్రసిద్ధమైన అతని నీతిశాస్త్రంలోని 10 భాగాల్లో రెండింటిని, అనగా 8, 9 భాగాలను, స్నేహానికే కేటాయించాడు. సుఖి అయినవానికి మిత్రులు అవసరమా అని ప్రశ్నించి, అవసరమేనని సమాధానం చెప్పాడు. కాని ధైర్యాన్ని గురించి 3వ భాగంలో చర్చించినప్పుడు యుద్ధభూమిలో మరణాన్ని ఎదుర్కొనడాన్నే ముఖ్యోదాహరణగా గ్రహించాడు. మిత్రత్వానికి కావలసిన ధైర్యం అతని చర్చలో ప్రత్యేకంగా నిలవలేదు. ఆ లోటును పూరించే సామగ్రి మన అలంకారశాస్త్రంలో ఉంది.

స్నేహం, ఉత్సాహం: ఆలంకారికుల చర్చ

తొమ్మిదవ శతాబ్దికి చెందిన రుద్రటుడు కావ్యాలంకారంలో ప్రేయోరసాన్ని అంగీకరించి, స్నేహాన్ని దానికి స్థాయిభావంగా చెప్పాడు. ఈ ప్రతిపాదన ఎక్కువమంది ఆలంకారికుల ఆమోదం పొందలేదు. అభినవగుప్తుడు అభినవభారతిలో స్నేహానికి ప్రత్యేక రసత్వాన్ని నిరాకరించాడు. ఆయన చెప్పిన కారణం గమనించదగినది. స్నేహం తనంత తానుగా నిలిచేది కాదు. అది రతిలోనో ఉత్సాహంలోనో మరొక స్థాయిభావంలోనో పర్యవసిస్తుంది. ఇందుకు ఇచ్చిన దృష్టాంతాల్లో లక్ష్మణుని సోదరస్నేహం ఒకటి. అది ధర్మవీరంలో విశ్రమిస్తుందని ఆయన నిర్ణయం.

రసగణనలో స్నేహం స్థానం కోల్పోయిందన్న దృష్టితోనే ఈ చర్చను మనం సాధారణంగా బోధిస్తాం. నైతికదృష్టితో చూస్తే ఇందులో మరొక విశేషం ఉంది. స్నేహం ఏదో ఒక కార్యోన్ముఖమైన భావంగా పరిణమించేదాకా అసంపూర్ణమే. లక్ష్మణుని ప్రేమ ఎంతటిదో అతడు అయోధ్యలో ఉండి కన్నీరు పెట్టుకుంటే తెలిసేది కాదు. అతడు వెంట నడిచాడు. ఆ నడకే స్నేహం ఉత్సాహంగా మారిన తీరు.

వీరరసానికి స్థాయిభావం ఉత్సాహమని భరతుడు చెప్పాడు. క్రోధం రౌద్రానికి స్థాయి. అందుచేత శత్రువుపై కోపం వీరానికి మూలం కాదని శాస్త్రమే స్పష్టం చేసింది. తరువాతికాలంలో వీరరసభేదాలను పరిగణించినప్పుడు దాన, ధర్మ, యుద్ధవీరాలతో పాటు దయావీరాన్ని కూడా విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పేర్కొన్నాడు. హర్షుని నాగానందంలో జీమూతవాహనుడు ఇందుకు ప్రసిద్ధోదాహరణ. గరుడునికి ఆహారం కావలసిన శంఖచూడుని బదులు తన శరీరాన్ని అర్పించిన ఆ నాయకునిది శాంతమా, వీరమా అన్న వివాదంలో దశరూపక సంప్రదాయం దయావీరం వైపే మొగ్గింది. మలయవతిపై అనురాగం, విద్యాధర చక్రవర్తిత్వం ఉన్నచోట శమం పొసగదన్నది వారి వాదం. అనగా లోకాన్ని విడిచినవాని నిర్లిప్తత వేరు, లోకంలో ప్రేమానుబంధాలు కలిగి ఉండి మరొకరి కోసం ముందుకు వచ్చినవాని దయ వేరు. ఈ రెండవది వీరమే.

తెలుగువాడుకలో ఉత్సాహం అనే మాటకు ఈనాడు ఉల్లాసం అనే అర్థమే ప్రధానమైంది. వీరానికి స్థాయి అయిన పదమే సంతోషవాచకం కావడం భాషలో జరిగే సాధారణ అర్థపరిణామమే కావచ్చు. అయినా కార్యోన్ముఖత్వానికీ మనోల్లాసానికీ సామాన్యజనం గుర్తించిన సంబంధం ఒకటి ఆ పరిణామంలో కనిపిస్తున్నది.

తెగువ, చొరవ

తెలుగులో ధైర్యాన్ని సూచించే దేశ్యపదాల్లో రెండింటిని ఇక్కడ పోల్చవచ్చు. తెగువ 'తెగు' ధాతువునుంచి వచ్చింది. బంధం తెగడం, తెంచుకోవడం అందులోని మూలభావం. తెగించినవాడు వెనుకటి సంబంధాలను, ప్రాణంపై ఆశను కూడా తెంచుకున్నవాడు. చొరవ 'చొచ్చు', 'చొరు' అనే ప్రవేశార్థక రూపాలకు చెందినది. లోపలికి ప్రవేశించడం దాని మూలభావం. చొరవ చూపడం అంటే ఒక పనికి తానుగా పూనుకోవడం. ఆ ఇంట్లో అతనికి చొరవ ఉంది అన్నప్పుడు చనువు, ఆత్మీయత అని అర్థం. ధైర్యాన్నీ ఆత్మీయతనూ ఒకే పదం చెప్పడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. మరొకరి జీవితంలోకి అడుగుపెట్టడానికి అవసరమైన ధైర్యాన్ని ఆ పదం గుర్తించింది.

ధైర్యాన్ని గురించిన ఆధునికుల ఊహలో తెగువకే పెద్దపీట. ఉద్యోగాన్ని వదిలినవాడు, ఊరిని వదిలినవాడు, ఒంటరిగా పర్వతమెక్కినవాడు మనకు ధైర్యవంతులు. వారిలో నిజంగా ధైర్యవంతులు ఉన్నారు. అయితే బంధాన్ని తెంచడానికి కావలసిన ధైర్యానికి దొరికిన గౌరవం, బంధంలోకి ప్రవేశించి దాని బరువు మోయడానికి కావలసిన ధైర్యానికి దొరకలేదు.

1881: రాజమహేంద్రవరం

ఈ రెండు ధైర్యాలు ఒకేచోట కనిపించిన ఘట్టం మన సామాజిక చరిత్రలో ఉంది. 1856లోనే వితంతువుల పునర్వివాహాన్ని చట్టం అనుమతించింది. కాని కందుకూరి వీరేశలింగం పూనికతో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిగింది. ఈ 25 సంవత్సరాల వ్యవధి చాలా విషయాలు చెబుతుంది. చట్టం ఒక అనుమతిని మాత్రమే ఇవ్వగలదు. పందిరి వేయడానికి, నీళ్లు మోయడానికి, పంక్తిలో కూర్చోవడానికి మనుషులు ముందుకు రావాలి.

ఈ వివాహాన్ని గురించి చెప్పేటప్పుడు వీరేశలింగం వాదపటిమను, నిర్భీతిని ప్రశంసించడం పరిపాటి. ఆ ప్రశంస న్యాయమైనదే. ఆయన తెగువ లేకుండా ఆ కార్యం ఆరంభమయ్యేది కాదు. కాని బహిష్కరణ మొదలయ్యాక వంటవారు, నీళ్లు తెచ్చేవారు రావడం మానినప్పుడు రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్లు మోసి, వంట చేసి, ఇంటికి చేరిన వితంతు బాలికలకు తల్లి వలె నిలిచారు. వాదానికి ప్రతివాదం ఉంటుంది. బిందెతో గోదావరి మెట్లు ఎక్కడానికి ప్రతివాదం లేదు, రోజూ ఎక్కవలసిందే. దారిలో ఎదురయ్యే ప్రతి ముఖాన్నీ, నిన్నటిదాకా పలకరించి ఈనాడు పక్కకు తిరిగే ముఖాన్ని కూడా, దాటుకుని వెళ్లవలసిందే. మొహమాటాన్ని జయించడం ఎంత కఠినమో తెలిసినవారికి ఆ నడక విలువ తెలుస్తుంది. మిత్రుల్లో కొందరు బహిష్కారానికి జంకి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. వారు సంస్కరణసూత్రాన్ని ఒప్పుకోనివారు కారు. ముఖాలను ఎదుర్కొనలేకపోయారు.

వీరేశలింగానిది తెగువ, ఆమెది చొరవ అని గీత గీయడం సరికాదు. ఆయనలోనూ ఆ బాలికల పట్ల దయ ఉంది. ఆమెలోనూ కులకట్టును తెంచుకున్న తెగువ ఉంది. నేను చెప్పదలచినది ఇంతే: ఒక్క దినపు తెగువను అనేక దినాల జీవితంగా మార్చినది చొరవ. మన సంస్కరణోద్యమ చరిత్రరచన ఆ రెండవదానికి ఇచ్చిన పుటలు తక్కువ.

కన్యాశుల్కంలో ముగ్గురు

1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సమగ్రంగా పునర్లిఖితమైన కన్యాశుల్కం ఈ ప్రశ్నకు నాటకరూపంలో సమాధానం చెప్పిందని చెప్పవచ్చు. గిరీశం నోట సంస్కరణ, స్వేచ్ఛ, ప్రేమ అన్నీ ధారాళంగా ప్రవహిస్తాయి. అతనికి మొహమాటం అనేదే లేదు. ఎవరి ఇంట్లోనైనా ప్రవేశించగలడు. కాని అతడు ప్రవేశించిన ఏ ఇంటి బరువునూ మోయడు. తన బరువునే వారిపై మోపుతాడు. చొరబాటుకూ చొరవకూ గల భేదం ఇక్కడే ఉంది. రెండు మాటలూ ప్రవేశార్థకాలే అయినా లోకవ్యవహారం వాటిని వేరుచేసింది.

సౌజన్యారావు పంతులు సజ్జనుడు, త్యాగి. అయితే వేశ్యలను దరిచేరనీయరాదన్నది ఆయన నియమం. ఆ నియమం ఆయన శీలాన్ని కాపాడింది, కాని ఒక మనిషిని మనిషిగా చూసే అవకాశాన్ని ఆయనకు దూరం చేసింది. మధురవాణి పురుషవేషంలో ఆయన ఇంటికి రావలసివచ్చిందంటే ఆ సౌజన్యానికి ఉన్న తలుపు ఎంత ఇరుకైనదో గురజాడ సూచించాడు.

మధురవాణికి కాపాడుకోవలసిన గౌరవమంటూ సమాజం ఏదీ మిగల్చలేదు. సుబ్బి అనే పసిపిల్ల లుబ్ధావధాన్లుకు అమ్ముడుపోకుండా ఉండటంలో ఆమెకు స్వలాభమూ లేదు. ఐనా కరటకశాస్త్రి పన్నుగడకు సహకరించింది. ఆ పన్నుగడ ఫలితంగా లుబ్ధావధాన్లు హత్యాభియోగంలో చిక్కుకొన్నప్పుడు అతనిని విడిపించడానికీ తానే బయలుదేరింది. ఈ రెండవ చర్య మొదటిదానికంటె విశిష్టమైనది. తాను ఎవరికి వ్యతిరేకంగా పనిచేసిందో ఆ ముసలివాని ఆపదను కూడా తన బాధ్యతగా గ్రహించింది. తన ప్రవేశం వల్ల కలిగిన పర్యవసానాలకు తానే పూచీ పడటం చొరవకు నైతిక లక్షణం. గిరీశంలో లేనిది, సౌజన్యారావుకు నియమం అడ్డుపడినది అదే.

ఒక ఆక్షేపం

చొరవను ఈ విధంగా ప్రశంసించడంపై ఒక బలమైన ఆక్షేపం ఉంది. పూర్వపు పల్లెలో చొరవకు కొదవ లేదు. ఎవరింట్లో ఏమి వండారో, ఎవరి కూతురు ఎవరితో మాట్లాడిందో అందరికీ తెలిసేది. 1881లో వీరేశలింగం ఇంటికి నీళ్లు రాకుండా చేసినదీ ఇరుగుపొరుగు జోక్యమే. స్త్రీలు, దళితులు, కులాంతర వివాహం చేసుకున్నవారు నగరపు అపరిచిత జీవనంలో ఊపిరి పీల్చుకున్నారు. ఎదురింటివారు పేరు కూడా అడగకపోవడం వారికి ఒక స్వాతంత్ర్యం. దానిని కోల్పోవాలని ఎవరూ చెప్పలేరు.

ఈ ఆక్షేపాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. అందుకే చొరవకు రెండు పరీక్షలు అవసరం. లోపలికి వచ్చినవాడు తీర్పు చెప్పడానికి వచ్చాడా, బరువు పంచుకోవడానికి వచ్చాడా అన్నది మొదటిది. ఇంటివారు వద్దంటే వెనుదిరగగలడా అన్నది రెండవది. వెలివేసినవారు మొదటి పరీక్షలో విఫలులు. గిరీశం రెండింటిలోనూ విఫలుడు. పాల ప్యాకెట్ల ఆమె రెండింటిలోనూ నెగ్గింది. తలుపు తెరిచి ఆ పెద్దాయన విసుక్కుని ఉంటే ఆమె మరొక ఇంటికి వెళ్లిపోయేది. ఆ విసుగును భరించడానికి సిద్ధపడే తలుపు కొట్టింది. ఆత్మీయతకు కావలసిన ధైర్యంలో తిరస్కారాన్ని నొచ్చుకోకుండా స్వీకరించే శక్తి కూడా చేరి ఉంది.

ఆధునిక సమాజంలో ఆనందం

ఈనాటి సమాజం ఆనందాన్ని వ్యక్తి సొంతంగా సమకూర్చుకోవలసిన వస్తువుగా చూస్తున్నది. దానికి తోడు రెండవ వ్యక్తిని ఎదుర్కొనే సందర్భాలను సాంకేతికత ఒక్కొక్కటిగా తగ్గించింది. కిరాణా సరుకులు తలుపు ముందుకే వస్తాయి. పరామర్శ ఒక ముద్రారూపంగా ఫోనులో వెళ్లిపోతుంది. ఇవన్నీ సౌకర్యాలే. వీటిలో ప్రతి ఒక్కటీ కొంత మొహమాటాన్ని తప్పిస్తుంది. ఉపనిషత్పురుషుని వలె మనకూ భయం తగ్గింది; ఆ పురుషునికి వలెనే సంతోషమూ కలగలేదు. 2018లో బ్రిటన్ ప్రభుత్వం ఒంటరితనం అనే సమస్యకు ఒక మంత్రిని నియమించింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాజిక అనుబంధాలపై ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఒంటరితనం రాజ్యవ్యవహారం కావలసినంతగా ముదిరిందని ఈ చర్యలు తెలుపుతున్నాయి.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పట్టించుకోని సంతానం నుంచి నెలకు 10,000 రూపాయలు మించకుండా పోషణభత్యం ఇప్పించే అధికారాన్ని ఆ చట్టం ట్రిబ్యునళ్లకు కల్పించింది. అన్నం లేని వృద్ధులకు ఇది అవసరమైన రక్షణ. కాని తెలుగునేలపై ఎన్నో ఇళ్లలో కొరత డబ్బుది కాదు. విదేశాల్లోని పిల్లలు నెలనెలా డబ్బు పంపుతారు, ప్రతి ఆదివారం తెరపై కనిపిస్తారు. "బాగున్నారా?" అని వారు, "మాకేం, బాగున్నాం" అని వీరు అంటారు. ఆ రెండు వాక్యాల్లోనూ ప్రేమ ఉంది. ఉన్న బాధ చెప్పడానికి తల్లికి ధైర్యం చాలదు. అడిగితే ఏమి వినవలసివస్తుందో అని మరొకసారి అడగడానికి కొడుక్కి ధైర్యం చాలదు. అభినవగుప్తుని మాటను ఇక్కడ అన్వయించుకుంటే, ఉత్సాహంలో పర్యవసించని స్నేహం అది. 1856 చట్టానికి 25 ఏండ్ల తరువాత మనుషులు దొరికారు. 2007 చట్టానికి కావలసిన మనుషులు ఎవరో మనం ఇంకా తేల్చుకోవలసి ఉంది.

ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు మూడు. భయానికీ ఆనందానికీ మూలం ఒకే రెండవ వ్యక్తి కావడం వల్ల, ధైర్యం లేని ఆత్మీయత ఆనందాన్ని ఇవ్వదు. ఆ ధైర్యం తెగువకంటె చొరవకు దగ్గరిది. దానికి ఎదురు నిలిచే భయం మరణభయం కాదు, మొహమాటం. తాను ప్రవేశించినచోట బరువు పంచుకోవడం, వద్దంటే వెనుదిరగడం చొరవను చొరబాటునుంచి వేరుచేసే లక్షణాలు. మన సాహిత్యాధ్యయనంలో వీరరసచర్చను దయావీరం వైపు, సంస్కరణ చరిత్రను రాజ్యలక్ష్మమ్మ వంటివారి నిత్యజీవితం వైపు విస్తరించుకొంటే ఈ ప్రశ్నకు మరింత సామగ్రి లభించగలదు.

ఎదురింటి ఉపాధ్యాయుడు మూడు నెలల తరువాత చేతికర్రతో ఇంటికి తిరిగివచ్చారు. ఇప్పుడు ఉదయం పత్రిక తీసుకునేటప్పుడు ఆయన తలుపు కూడా తడుతున్నాను. కొన్ని రోజులు లోపలికి రమ్మంటారు. కొన్ని రోజులు లోపలినుంచే "ఉన్నాన్లెండి" అని కాస్త విసుగ్గా అంటారు. తలుపు మీద చేయి వేసే ముందు నాకు ఈనాటికీ ఒక క్షణం సంకోచం కలుగుతూనే ఉంది.